మోటార్‌సైకిలు ఇంజనుకు రెక్కలు ఎప్పుడు వస్తాయి?

2009 ఏప్రిల్ 5, ఆదివారం. కోలారు దగ్గర తాళెకుంటెలో రెండో ప్రపంచ యుద్ధం నాటి పాడుబడిన రన్‌వే ఒకటుంది. ఆ రోజు పొద్దున్నే అక్కడినుంచి నిశాంత్ అనే చిన్న విమానం లేచింది. లోపల పైలట్ లేడు. 1.8 కిలోమీటర్ల ఎత్తుకెక్కి, ముప్పై అయిదు నిమిషాలు అక్కడే తిరిగి, ఎండిన చెరువులో అనుకున్నచోటే దిగింది. లేచినప్పటినుంచి దిగేదాకా నలభై నిమిషాలు. నిశాంత్ అంతకుముందు కూడా ఎగిరిందే, ఆ రోజు కొత్తగా వచ్చింది దాని ఇంజను. మన దేశంలో తయారైన రోటరీ ఇంజనుతో విమానం ఎగరడం అదే మొదటిసారి. ఇంజను అసలు భాగాన్ని బెంగళూరులోని విమాన పరిశోధన సంస్థ ఎన్‌ఏఎల్ చేసింది. ఇగ్నిషన్, ఇంధనం పనులు అహ్మద్‌నగర్‌లోని సైనిక వాహనాల పరిశోధన సంస్థ వీఆర్‌డీఈ చూసుకుంది. విమానంలో దాన్ని అమర్చే పని బెంగళూరులోనే ఉన్న రక్షణ పరిశోధనశాల ఏడీఈ చేసింది. బరువు సుమారు 30 కిలోలు, బలం 55 హార్స్‌పవర్.

చిక్కబళ్లాపురం, చింతామణి, బాగేపల్లి 2007 దాకా ఆ కోలారు జిల్లాలోవే. అయినా ఈ సంగతి మా ఊళ్లలో తెలిసినవాళ్లు అరుదు. తెలియాల్సిన సంగతి అనే ఇది రాస్తున్నాను. పొలానికి, సంతకు, పట్టుగూళ్ల మార్కెట్‌కు రోజూ తోలే బండికీ, ఆ చిన్న విమానానికీ మధ్య చాలామంది అనుకునేదానికంటే దగ్గరి చుట్టరికం ఉంది.

మన ఇంజను వచ్చేదాకా నిశాంత్‌కు బ్రిటన్‌నుంచి తెప్పించిన ఆల్విస్ ఏఆర్-801 వాడేవారు. అదీ రోటరీయే. దాని వంశం వెతుక్కుంటూ పోతే వరసగా మోటార్‌సైకిలు కర్మాగారాలే తగులుతాయి. 1950ల నడుమ ప్రపంచంలోకెల్లా ఎక్కువ మోటార్‌సైకిళ్లు చేసిన కంపెనీ జర్మనీలోని ఎన్‌ఎస్‌యూ. ఫెలిక్స్ వాంకెల్ ఊహించిన రోటరీ ఇంజను 1957లో మొదటిసారి తిరిగింది అక్కడే. మామూలు ఇంజనులో పిస్టన్ పైకీ కిందికీ కొట్టుకుంటుంది. రోటరీలో మూడు మూలల రోటరు ఒకటి, నడుము కాస్త నొక్కినట్టుండే గదిలో దొర్లుతూ తిరుగుతుంది. వాల్వులు ఉండవు, కనెక్టింగ్ రాడ్ ఉండదు, కుదుపు తక్కువ, బరువూ తక్కువ. మూలల చివర ఉండే సన్నని సీళ్లు అరిగిపోవడం, పెట్రోలు ఎక్కువ తాగడం దానికున్న రోగాలు.

ఎన్‌ఎస్‌యూనుంచి లైసెన్సు జర్మనీలోనే ఫిక్టెల్ అండ్ జాక్స్‌కు వెళ్లింది. వాళ్ల ఇంజనుతో ఇంగ్లండులో బీఎస్‌ఏ ప్రయోగాలు మొదలుపెట్టింది. బీఎస్‌ఏ కూలిపోయాక ఆ పని నార్టన్‌కు చేరింది. డేవిడ్ గార్‌సైడ్ అనే ఇంజనీరు పట్టు వదలకుండా ఏళ్ల తరబడి కూర్చుని, రెండు రోటర్ల 588 సీసీ ఇంజనును బండికి పనికొచ్చేలా చేశాడు. అది ముందు పోలీసుల బళ్లకెక్కింది, 1987లో నార్టన్ క్లాసిక్‌గా జనానికి వచ్చింది. 1992లో స్టీవ్ హిస్లాప్ ఐల్ ఆఫ్ మాన్‌లో సీనియర్ టీటీ పందెం గెలిచింది నార్టన్ రోటరీ మీదే. పందెపు బళ్లు చేస్తున్న కాలంలోనే నార్టన్ పైలట్ లేని విమానాలకూ రోటరీలు చేసింది. తర్వాత ఆ విభాగం షెన్‌స్టోన్‌లో యూఏవీ ఇంజిన్స్ అనే వేరే కంపెనీ అయింది. కొంతకాలం ఆల్విస్ చేతిలో ఉండి, ఆపైన ఇజ్రాయెల్‌కు చెందిన ఎల్బిట్ గుంపులోకి వెళ్లింది. నిశాంత్‌కు వచ్చిన ఇంజను ఆ పుట్టింటిదే.

నార్టన్ బండి పేరు మాత్రం చేతులు మారి మారి 2020 ఏప్రిల్‌లో 1.6 కోట్ల పౌండ్లకు మన టీవీఎస్ మోటార్‌కు వచ్చింది. చింతామణినుంచి హోసూరు ఎంత దూరం? ఆ హోసూరు కర్మాగారం కంపెనీకే ఇప్పుడు నార్టన్ సొంతం. పేరు వచ్చింది, పాత కీర్తి వచ్చింది, విమాన ఇంజను రాలేదు. అది ముప్పై ఏళ్ల కిందటే విడిపోయి వెళ్లింది. ఈ ఒక్క లావాదేవీ చూస్తేనే మన పరిస్థితి అర్థమవుతుంది. బండి తయారీలో ప్రపంచంలో ఎవరికీ తీసిపోం, ఆకాశం వైపు తిరిగేసరికి చేతిలో ఏమీ ఉండదు.

విమానం పుట్టినప్పుడు మోటార్‌సైకిలు వాళ్లే ముందున్నారు. తేలిగ్గా, చిన్నగా, గాలికి చల్లబడే ఇంజను చేయడం 1900ల్లో వాళ్లకే తెలుసు. అమెరికాలో గ్లెన్ కర్టిస్ సైకిళ్లనుంచి మోటార్‌సైకిళ్లకు వచ్చినవాడు. థామస్ బాల్డ్విన్ తన గాలినౌకకు 1904లో కర్టిస్ ఇంజను పెట్టుకున్నాడు. కర్టిస్ 1907లో ఎనిమిది సిలిండర్ల బండి మీద గంటకు 136 మైళ్ల వేగం అందుకున్నాడు, మరుసటి ఏడు జూలైలో తన జూన్ బగ్ విమానంతో బహుమతి గెలిచాడు. 1909 జూలై 25న బ్లేరియో ఇంగ్లిష్ చానెల్ దాటింది మోటార్‌సైకిలు పందేల మనిషి అంజాని చేసిన 25 హార్స్‌పవర్ ఇంజనుతో. అదే నెలలో ఏ.వీ. రో తన మూడంతస్తుల రెక్కల విమానాన్ని లండను శివార్లలో లేపింది 9 హార్స్‌పవర్ జాప్ ఇంజనుతో. జాప్ కూడా మోటార్‌సైకిలు ఇంజన్లకే పేరున్నది.

ఆ వాడుక కొన్నేళ్లు సాగింది. 1923లో ఇంగ్లండులోని లింప్నేలో తక్కువ పెట్రోలుతో ఎక్కువ దూరం ఎగిరే పోటీ పెడితే, 398 సీసీ ఏబీసీ మోటార్‌సైకిలు ఇంజనున్న రెన్, 696 సీసీ బ్లాక్‌బర్న్ ఇంజనున్న ఏనెక్ సమానంగా నిలిచాయి. రెండూ గ్యాలనుకు 87.5 మైళ్లు. 1930ల్లో అన్రీ మిన్యే ఇంట్లోనే కట్టుకోగల చిన్న విమానం గీసి ఇస్తే, దాని కోసం స్కాట్ మోటార్‌సైకిలు కంపెనీ ప్రత్యేకంగా ఇంజను చేసింది. బీఎండబ్ల్యూది మాత్రం ఎదురు దారి. మొదటి ప్రపంచ యుద్ధకాలంలో విమాన ఇంజన్లు చేసి, వెర్సాయ్ సంధి అది మాన్పించాక, 1923లో ఆర్32తో బళ్లకు వచ్చింది. విమాన ఇంజనునూ బండినీ గీసింది మాక్స్ ఫ్రిట్జ్ ఒక్కడే. దాని తర్వాత విమానాలు పెద్దవయ్యాయి, ఇంజన్లు వేల హార్స్‌పవర్‌లకు పోయాయి. మోటార్‌సైకిలు వాళ్లు పక్కకు తప్పుకున్నారు.

మరి అంత దగ్గరి చుట్టరికం ఉంటే, బుల్లెట్ ఇంజను విప్పి విమానానికి బిగిస్తే పోదా? ఈ ప్రశ్న కుర్రాళ్లు నన్ను తరచూ అడుగుతారు. పోదు. ఎందుకు పోదో కాస్త నిదానంగా చూడాలి, అసలు విషయం ఇక్కడే ఉంది.

చింతామణిలో ఒక మెకానిక్కు షెడ్డులో పాత టూ-స్ట్రోక్ బండి హెడ్డు విప్పి ఉండగా చూశాను. పిస్టన్ పక్కన నిలువునా గీతలు, ఒకచోట అల్యూమినియం కరిగి సిలిండరు గోడకు పూసుకుపోయింది. "ఆయిలు తక్కువ పోసినాడు అన్నా. ఎగువలో కూడా థ్రాటిలు దించకుండా బాగేపల్లి దాకా తోలినాడు. పట్టేసుకున్నది," అన్నాడు గీత మీద గోరు పెట్టి చూపిస్తూ. ఇంక బోరు వేయించి, ఓవర్‌సైజు పిస్టన్ ఎక్కించాలి. రోడ్డు మీద బండి ఇంజనుకు విశ్రాంతి దొరుకుతూనే ఉంటుంది. పల్లం వస్తుంది, మలుపు వస్తుంది, ఎద్దులబండి అడ్డం వస్తుంది. దాని పూర్తి బలంలో నాలుగో వంతో మూడో వంతో వాడుకుంటూ చాలా దూరం పోతాం. విమానం లేచేటప్పుడు నూటికి నూరు బలం, తర్వాత గంటల తరబడి డెబ్బై అయిదు, మధ్యలో పల్లం ఉండదు. ఆ షెడ్డులో చూసిన గీత గాలిలో పడితే కింద పొలం వెతుక్కోవడమే.

ప్రొపెల్లర్‌దీ ఒక లెక్కుంది. అయిదడుగుల వ్యాసం ఉన్న ప్రొపెల్లర్ నిమిషానికి 2,500 చుట్లు తిరిగితే దాని కొస సెకనుకు దాదాపు 200 మీటర్ల వేగంతో పోతుంది. మన బళ్ల ఇంజన్లు అసలు బలం చూపించేది 7,000, 8,000 చుట్ల దగ్గర. 8,000 చుట్ల ఇంజనుకు నేరుగా ప్రొపెల్లర్ తగిలిస్తే కొస వేగం సెకనుకు 600 మీటర్లు దాటుతుంది. ధ్వని వేగం 340. ధ్వని వేగం దాటిన కొస గాలిని తోయడం మాని చప్పుడు చేస్తుంది, చీలికా వస్తుంది. కాబట్టి వేగం తగ్గించే గేర్‌బాక్సు తప్పదు. గేర్‌బాక్సు వచ్చిందంటే ఇంకో తలనొప్పి వచ్చినట్టే. ఇంజను ఒక్కో కాల్పుకు ఒక్కో తోపు ఇస్తుంది. బరువైన ప్రొపెల్లర్ తన వేగం మార్చుకోదు. ఆ రెండింటి మధ్య షాఫ్టు మెలితిరుగుతూ సడలుతూ ఉంటుంది. బండిలో ఆ మెలిని క్లచ్చూ చైనూ మింగేస్తాయి. విమానంలో మింగే దిక్కు లేక షాఫ్టు విరిగిన సందర్భాలు ఎన్నో.

ఇగ్నిషన్ కూడా రెండు రెట్లు కావాలి. ప్రతి సిలిండరుకూ రెండు ప్లగ్గులు, వాటికి రెండు వేరు వేరు వ్యవస్థలు. ఒకటి చచ్చినా రెండోది నడపాలి. ఎత్తు సంగతి మా పీఠభూమి వాళ్లకు బాగా తెలియాలి. చిక్కబళ్లాపురం సముద్రమట్టానికి 900 మీటర్ల పైన ఉంది. ఎండాకాలం మధ్యాహ్నం ఇక్కడి గాలి అంత పలచగా ఉంటుంది కాబట్టి, మద్రాసులో చూపించిన బలంలో పదో వంతుకు పైగా ఇంజను ఇక్కడ పోగొట్టుకుంటుంది.

ఇవన్నీ దాటాక ధ్రువీకరణ. అంతర్జాతీయంగా నడిచే నియమాల ప్రకారం కొత్త ఇంజను పరీక్ష బల్ల మీద 150 గంటలు ఓర్పు పరీక్ష నెగ్గాలి. ఆ గంటల్లో ఎక్కువ భాగం గరిష్ఠ బలం దగ్గరే. అది అయ్యాక విప్పి, ప్రతి భాగాన్నీ కొలిచి చూస్తారు. ఏదైనా చెడితే మార్చి, మళ్లీ మొదటినుంచి. బండి కంపెనీకి లోహం తెలుసు, పోత తెలుసు, చవగ్గా లక్షల్లో చేయడం తెలుసు. ఈ ఓపిక మాత్రం దాని వ్యాపారంలో లేదు. ఒక బండి మోడలు రెండు మూడేళ్లలో డబ్బు తిరిగి ఇవ్వాలి. విమాన ఇంజను పదేళ్లు తిని అప్పుడు అమ్ముడవుతుంది.

ఆ ఓపిక పట్టింది ఆస్ట్రియాలోని రోటాక్స్. 1970లో అది బొంబార్డియర్ గుంపులోకి వచ్చింది. బీఎండబ్ల్యూ ఎఫ్650కూ, ఎన్నో అప్రిలియా బళ్లకూ ఇంజన్లు అందించిన సంస్థ అదే. మంచు మీద తిరిగే బళ్లకు చేసిన టూ-స్ట్రోక్ ఇంజన్లను చిన్న విమానాల వాళ్లు తమంతట తామే వాడటం చూసి, రోటాక్స్ ఆ పని గట్టిగా చేపట్టింది. 1989లో నాలుగు సిలిండర్ల 912కు ధ్రువీకరణ వచ్చింది. సిలిండర్లు గాలికి, హెడ్లు నీటికి చల్లబడతాయి. ఇంజను 5,800 చుట్ల దాకా తిరుగుతుంది, గేర్‌బాక్సు దాన్ని ప్రొపెల్లర్‌కు తగ్గిస్తుంది. బండి ఇంజను బుద్ధీ విమానం క్రమశిక్షణా రెండూ ఉన్న ఇంజను అది. మా పీఠభూమి మీద ఎగరాలంటే టర్బో ఉన్న 914 ఇంకా మేలు.

ఆ 914 మన ఇంట్లోనే ఉంది. బెంగళూరు ఎన్‌ఏఎల్ తయారుచేసి 2000లో విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ ధ్రువీకరణ తెచ్చుకున్న రెండు సీట్ల శిక్షణ విమానం హంస-3కు గుండె రోటాక్స్ 914. 2021 సెప్టెంబరు 3న మొదటిసారి ఎగిరిన కొత్త హంసకు రోటాక్స్ 912 ఐఎస్. హైదరాబాదులోని అదానీ-ఎల్బిట్ కర్మాగారంలో తయారై, 2024 జనవరిలో నౌకాదళానికి అందిన దృష్టి-10 డ్రోను మూలరూపం హెర్మెస్ 900. దానిదీ రోటాక్సే. రెక్కలు మనవి, ఒళ్లు మనది, గుండె మాత్రం రోటాక్స్ ఊరైన గున్స్‌కిర్కెన్‌నుంచి రావాలి. 2020 అక్టోబరులో, తుర్కియే డ్రోన్లు వాడిన ఆర్మేనియా యుద్ధం నడుస్తుండగానే, రోటాక్స్ సొంతదారు కంపెనీ తన ఇంజన్లు ఏ పనికి వాడతారో తెలియని దేశాలకు సరఫరా ఆపేసింది. తుర్కియే డ్రోన్లకు వేరే ఇంజను వెతుక్కోవాల్సి వచ్చింది. రేపు అది మనకు జరగదని ఎవరు చెప్పగలరు?

జపాన్ ఇంకో దారి చూపించింది. నా లెక్కలో ఈ మొత్తం చరిత్రలో మనం ఎక్కువగా నేర్చుకోవాల్సింది దీన్నుంచే. పల్లెల్లో కూలీలు దొరక్క, వరికి మందు కొట్టే మనుషులు ముసలివాళ్లవుతుంటే, అక్కడి వ్యవసాయ శాఖకు అనుబంధమైన సంస్థ మనిషి లేని హెలికాప్టరు కావాలని 1980ల్లో అడిగింది. పని తీసుకున్నది యమహా. 1987లో ఆర్-50, తర్వాత 246 సీసీ టూ-స్ట్రోక్ ఇంజనున్న ఆర్‌మ్యాక్స్. మోటార్‌సైకిలు కంపెనీ ఇంజనే కాదు, ఎగిరే యంత్రాన్నే చేసి రైతుకు ఇచ్చింది. గౌరిబిదనూరు, బాగేపల్లి పొలాల్లో టమోటాకు మందు కొడుతూ వీపు మీద స్ప్రేయరు మోసే మనిషిని చూసినప్పుడల్లా అలాంటి యంత్రం కావాలని ఇక్కడెవరూ ఎందుకు అడగలేదా అనిపిస్తుంది. ఇప్పుడు బ్యాటరీ డ్రోన్లు వచ్చాయి, నిజమే. చిన్న కమతానికి అవే నయం. కానీ మందు నింపుకుని ఎగిరితే పావుగంటకే బ్యాటరీ మార్చాల్సి వస్తుంది. గంటల తరబడి ఆకాశంలో ఉండాల్సిన పనికి ఈనాటికీ పెట్రోలుదే పైచేయి.

హోండా సంగతి చెప్పకపోతే లోటు. 1986లో విమాన ఇంజన్ల పరిశోధన మొదలుపెట్టి, దాదాపు ముప్పై ఏళ్లు ఓర్చుకుని, జనరల్ ఎలక్ట్రిక్‌తో కలిసి హెచ్ఎఫ్120 జెట్ ఇంజను చేసి, 2015 డిసెంబరులో హోండాజెట్‌కు అమెరికా ధ్రువీకరణ తెచ్చుకుంది. ఆ హోండా బళ్ల కర్మాగారం ఒకటి 2013నుంచి మన కోలారు జిల్లా నరసాపురంలోనే నడుస్తోంది. అక్కడ చేస్తున్నది స్కూటర్లు, బైకులు మాత్రమే.

ఈ నేల మీద ఇంజను కల కొత్తది కాదు. చిక్కబళ్లాపురం పక్క ముద్దేనహళ్లిలో తెలుగు ఇంట పుట్టిన మోక్షగుండం విశ్వేశ్వరయ్య 1930ల్లో మోటారు కార్ల ఫ్యాక్టరీ కోసం యూరపు, అమెరికా తిరిగి పథకం రాశాడు. ఆ కలలో తోడున్న పారిశ్రామికవేత్త వాల్‌చంద్ హీరాచంద్‌కు అప్పటి ప్రభుత్వం కార్లకు దారి ఇవ్వలేదు. యుద్ధం ముంచుకొచ్చాక, మైసూరు సంస్థానంతో కలిసి 1940 డిసెంబరులో వాల్‌చంద్ బెంగళూరులో హిందుస్థాన్ ఎయిర్‌క్రాఫ్ట్ (హెచ్‌ఏఎల్) పెట్టాడు. వీ.ఎం. ఘాట్గే అక్కడ గీసిన హెచ్‌టీ-2 శిక్షణ విమానం 1951 ఆగస్టులో ఎగిరింది, 1958లో పుష్పక్ వచ్చింది. విమానాలు మనవి, ఇంజన్లు ఒకదానికి ఇంగ్లండువి, ఇంకోదానికి అమెరికావి. పుష్పక్ కోసం 90 హార్స్‌పవర్ ఇంజను కూడా హెచ్‌ఏఎల్ రూపొందించింది. అది పెద్ద ఎత్తున తయారీకి ఎక్కలేదు.

తాళెకుంటెలో ఎగిరిన మన రోటరీకీ అదే గతి పట్టింది. ఇంజను బాగుందనే చెప్పారు. కానీ దానికి గిరాకీ అంతా ఒక్క నిశాంత్ మీదే ఆధారపడింది. సైన్యానికి ఇచ్చిన నాలుగు నిశాంత్‌లూ కూలిపోయాయని, 2015లో సైన్యం వాటిని వద్దనుకుందని పత్రికల్లో వచ్చింది. విమానం పోతే దాని కోసమే కొలత పెట్టి చేసిన ఇంజనూ పోయింది. కర్టిస్‌కు బాల్డ్విన్ దొరికాడు, యమహాకు జపాన్ రైతు దొరికాడు, రోటాక్స్‌కు వేలమంది ఆసక్తిపరులు దొరికారు, నార్టన్‌కు సైన్యం దొరికింది. మోటార్‌సైకిలు వాళ్లు ఆకాశంలోకి వెళ్లినచోటల్లా ముందుగా కొనేవాడు నిలబడ్డాడు, ఇంజను ఆ తర్వాత వచ్చింది. మనం ఎప్పుడూ ఒక విమానం గీసి, దానికి ఒక ఇంజను చేసి, విమానం ఆగగానే ఇంజనునూ మూలన పెడుతున్నాం.

ఏటా కోటిన్నరకు పైగా ద్విచక్ర వాహనాలు అమ్మే దేశంలో పోత పోసే చేతులకు, క్రాంకు షాఫ్టు చెక్కే యంత్రాలకు కొదవ లేదు. 650 సీసీ రాయల్ ఎన్‌ఫీల్డ్ ఇంజను 47 హార్స్‌పవర్ ఇస్తుంది, అది నిశాంత్ అవసరానికి దగ్గరే. బరువు, గేర్‌బాక్సు, రెండో ఇగ్నిషన్, ఓర్పు పరీక్ష ఇవే దూరం. ఆ దూరం నడవడానికి బెంగళూరులో ఎన్‌ఏఎల్ ఉంది, హోసూరులో, నరసాపురంలో తయారీ ఉంది. ఏ ఒక్క విమానం పేరుతోనూ ముడిపెట్టకుండా, 50 హార్స్‌పవర్‌ది ఒకటి, 100 హార్స్‌పవర్‌ది ఒకటి, రెండే ఇంజన్లు ఎంచుకుని, ప్రభుత్వం పదేళ్ల కొనుగోలు హామీ ఇవ్వాలని నేను గట్టిగా నమ్ముతున్నాను. పరిశోధనకు ఇచ్చే డబ్బుకంటే ఈ హామీకే బండి కంపెనీ కదులుతుంది.

రోటాక్స్ 912కు మొదట్లో 600 గంటలకే పూర్తిగా విప్పి బాగుచేయాలన్న నియమం ఉండేది. ఇప్పుడది 2,000 గంటలు. ఆ పెరుగుదల గాలిలో ఎగిరి, విప్పి, అరిగినచోటు చూసి, మార్చి, మళ్లీ ఎగిరి సంపాదించుకున్నది. మన మొదటి ఇంజనూ అలాంటి 600 గంటలతోనే మొదలవుతుంది. ఆ గంటలు ముందు చళ్లకెరె పరీక్షాక్షేత్రంలో మనిషి లేని విమానాల మీద ఎగరాలి. నిలదొక్కుకున్నాక 1948నుంచి జక్కూరులో ఉన్న ప్రభుత్వ ఫ్లయింగ్ స్కూల్లో, శిక్షకులు మాత్రమే నడిపే ఒకటి రెండు హంసలకు బిగించి, ప్రతి వంద గంటలకూ విప్పి చూసిన లెక్కలు అందరికీ తెలిసేలా ప్రచురించాలి.